గుడ్డ రెక్కల ఇమానం

నా చిన్నప్పుడు జరిగిన ముఖ్యమైన సంగతులన్నిటికీ నా దగ్గర తేదీలు ఉన్నాయి, ఒక్కదానికి తప్ప. బడిలో వేసిన రోజు, మా తమ్ముడు పుట్టిన రోజు, మా ఊరికి మొదటి బస్సు వచ్చిన రోజు, ఇవన్నీ పాత పంచాంగాలతోను, రిజిస్టర్లతోను సరిచూసి పెట్టుకున్నాను. నీటిపారుదల శాఖలో ట్రేసరుగా ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. ఇంజనీర్లు గీసిన కాలువల నక్షాలకు పలుచని కాగితం మీద నకళ్ళు తీయడం నా పని. తేదీ లేని మాటను, కొలత లేని గీతను నేను నమ్మను. అటువంటి నాకు ఈ బుద్ధి పుట్టించిన రోజు ఏదో మాత్రం నేటికీ తెలియదు. వరికోతలు అయిపోయాయి. మా చోడి చేలో, అంటే రాగి చేలో, కంకి ముదిరింది. ఒక వాన కురిసి వెలిసింది కాబట్టి నేల ఆరీ ఆరకుండా ఉంది. తెల్లవారితే మంచు. నాకు తొమ్మిదేళ్ళు నిండాయో లేదో. ఇంతకు మించి చెబితే కల్పించి చెప్పినట్టవుతుంది.

రాజాం నుంచి పొందూరు పోయే దారికి ఎడంగా ఉన్న చిన్న పల్లె మాది. ఆ వేళ రాజాం సంత. పెద్దవాళ్ళు చాలామంది చీకటితోనే బండ్లు కట్టుకుని వెళ్ళిపోయారు. పిట్టలు తోలమని నన్ను మా చేను గట్టు మీద కూర్చోబెట్టారు. పక్కన ఒక పెద్ద మెట్ట చేను బీడుగా పడి ఉండేది. ముందు చప్పుడు వినిపించింది. ఏదో లారీ దారి తప్పిందనుకున్నాను. ఆ చప్పుడు నేల మీద కాక నెత్తి మీద తిరుగుతోందని గ్రహించి తలెత్తేసరికి మంచులోంచి ఒక విమానం దిగి, బీడు పొడుగునా కుదుపుతూ పరుగెత్తి ఆగింది. పసుపుపచ్చని రంగు. దానికి ప్రతి పక్కా రెండేసి రెక్కలు, ఒకదాని మీద ఒకటి, మిద్దె మీద మిద్దె వేసినట్టు. రెండింటి మధ్యా నిలువు గుంజలు, గుంజలకు ఏటవాలుగా బిగించిన తీగెలు.

కప్పు లేని గుంటలాంటి చోట తోలు టోపీ, కళ్ళద్దాలు పెట్టుకున్న మనిషి కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఊపి పిలిచాడు. వెళ్ళాను. భయపడ్డానా లేదా అన్నది కొలిచి చెప్పగలిగే విషయం కాదు కనుక రాయడం లేదు. అతను అడిగిన వాటిలో నాకు తెలిసిన మాట విజయనగరం ఒక్కటే. నేను దక్షిణం వైపు చెయ్యి చూపించాను. తరువాత అతను సైగలతో కింది రెక్క చివర పట్టుకుని కదలకుండా నిలబడమన్నాడు. ఆ రెక్క అంచు సరిగ్గా నా గడ్డం ఎత్తున ఉంది. రెండు చేతులా పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, అది గుడ్డ అని. డోలు మీద తోలులాగా బిగిసిన గుడ్డ. పైన ఏదో నున్నగా పూశారు, దాని కింద నేత వేలికి తగులుతూనే ఉంది. ఇంజను గట్టిగా గర్జించింది. మడమలు మట్టిలో దిగబడేటట్టు బిగపట్టాను. విమానం నా చుట్టూ తిరిగి, వచ్చిన దారికి ముఖం పెట్టింది. తప్పుకోమని చెయ్యి ఊపాడు. తప్పుకున్నాను. అది పరుగెత్తి మంచులోకి లేచిపోయింది.

ఊళ్ళో చప్పుడు విన్నవాళ్ళు ఉన్నారు కాని చూసినవాళ్ళు లేరు. నేను నేరుగా బడికి పరుగెత్తి చెప్పాను. బడి అంటే ఊరి సావిడిలో ఒక గది, దాని ముందు పొడుగాటి అరుగు. నా మాట వినగానే పిల్లలందరూ లేచి చేలోకి పరుగులు తీశారు. మాస్టారు వెనకాల వచ్చారు. ఆయన పైప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, చెడ్డవారు కాదు, గట్టిగా చదువు చెప్పేవారు. నేల మీద రెండు చక్రాల జాడలు చూశారు. అది బండి జాడ అన్నారు. రెండు అంతస్తుల రెక్కలూ, పైగా గుడ్డతో చేసిన విమానమా అని నవ్వారు. పిల్లలు కూడా నవ్వడం మొదలుపెట్టాక వాళ్ళను ఆపడానికేమో ముఖం గట్టిగా పెట్టి, నేను అబద్ధమాడాను అని అందరి ముందూ చెప్పేవరకు నేను గదిలోకి రాకూడదని శాసించారు.

మా నాన్న సంత నుంచి వచ్చి సంగతి విన్నాడు. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అంతకంటె కష్టమైన పని చేశాడు, బతిమాలాడు. “ఒక్క మాట అనీయే తల్లీ, అయిపోద్ది. నోటి మాటే గదా, నీ సొమ్మేటి పోతాది?” అన్నాడు. ఆడపిల్లను బడికి పంపడమే మా వీధిలో వింత. అది ఆపించడానికి ఎవరికీ ఇంకో సాకు దొరకకూడదనే ఆయన తాపత్రయం. అది నాకు ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం నా చేతులకు ఆ గుడ్డ ఇంకా తగులుతున్నట్టే ఉంది. చూడలేదని ఎలా అనను?

మా మేనత్త ఇదంతా పత్తి దువ్వుతూ వింటోంది. ఆవిడ మా నాన్నకు అక్క. మావయ్య పోయాక మా ఇంటికి వచ్చి, పొందూరు సన్నఖద్దరుకు నూలు వడుకుతూ మాతోనే ఉండిపోయింది. పొడగరి. పెద్ద గొంతు. మా వైపు ఆడవాళ్ళ అలవాటు ప్రకారం చుట్ట నిప్పు నోట్లోకి తిప్పి అడ్డపొగ తాగేది, రాట్నం ముందు కూర్చునేటప్పుడు మాత్రం ఆర్పి చూరులో దోపేది. నిప్పుకీ పత్తికీ పడదు కదా. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం ఆపి నన్ను దగ్గరికి పిలిచింది.

“గుడ్డంటన్నావు. ఏ గుడ్డే?” అంది.

నాకు ఆ గుడ్డ పేరు తెలియదు. ఆవిడ నా కళ్ళకు పమిట చెంగు కట్టి, ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ ఒక్కొక్కటే చేతికిచ్చింది. ముతక పంచె, సన్న పంచె, గోనె, తలపాగా, దుప్పటి. సన్న పంచె దగ్గర ఆగాను. ఇలాంటిదే, కాని దీనికి దట్టంగా గంజి పెట్టి ఎండలో బిగదీసి కట్టినట్టు ఉంది అన్నాను. ఆవిడ చెంగు విప్పింది.

“అత్తా, నువ్వు నమ్మేవా?” అని అడిగాను.

“నమ్మేనని నానెందుకు సెప్తాను? నువ్వు సూసేవు, నాను సూణ్ణేదు. పద, ఆ సేలోకెల్దాం. నేల సూసుంటాది గదా.”

మా నాన్న అడ్డుపడబోయాడు. “నువ్వుండరా. ఒక్క మాటంట, ఒక్క మాట! అడిగితే ఇచ్చీడానికి అదేటి ఉప్పుగల్లా?” అని లేచింది.

ఆ చేను మా అత్తకు బావ వరస అయ్యే ఒక రైతుది. మేము వెళ్ళేసరికి ఆయన గట్టు మీదే ఉన్నాడు. వాళ్ళిద్దరూ ఎదురైతే ఒకరినొకరు తిట్టుకోకుండా ఉండలేరు.

“ఏటి బావా, ఈ జాడ నీ బండిదేనంటన్నావంట?”

“నాది కాక నీదేటి? మొన్న పెంట గెత్తం తోలేను గదా.”

“తోలితే తోలేవు. ఎడ్లు గాల్లో నడిసేయేటి? ఒక్క గిట్టయినా కనపడదేం?”

ఆయన వంగి చూశాడు. రెండు చక్రాల జాడలున్నాయి, వాటి మధ్య ఎడ్ల గిట్టలు లేవు. ఆ మధ్యలో సన్నగా కర్రతో గీకినట్టు మూడో గీత ఒకటి ఉంది.

“ఎడ్లు నేకపోతే నువ్వే కాడి కట్టుకుని లాగేవేమో. నీ పాదం సూపించు మరి, పోల్సుకుందాం” అంది మా అత్త.

ఆయన గట్టిగా నవ్వేశాడు. నవ్వి, “ఎవులి జాడయితే నాకేటే? తెల్లారితే నాగలి పెట్టెస్తన్నాను. నీ మేనకోడలి ఇమానమూ నువ్వూ కలిసి ఉలవలకి అడ్డం పడకండి” అని వెళ్ళిపోయాడు.

అంటే ఆ పొద్దు వాలేలోగా చేసుకున్నదే. మా అత్త నాలుగు పేటలు పేనిన నూలు తాడు తెచ్చింది. మూరలు లెక్కపెడదామని నేను చెయ్యి చాచాను. ఆవిడ ఒప్పుకోలేదు. తన మూర వేరు, నా మూర వేరు, మా నాన్న మూర వేరు, రేపు ఎవరి మూర అని అడిగితే ఏం చెబుతావంది. చక్రం జాడ నుంచి చక్రం జాడకు తాడు పరిచి, ఆ పొడుగుకు ముడి వేసి తెంపేసింది. అంకె లేదు, తాడే కొలత. విమానం ఆగిన చోట చక్రాలు దిగిన గుంటల నుంచి ఆ మూడో గీత గీసిన తోక కర్ర ఆనిన చోటికి ఇంకో తాడు. ముక్కు కింద నూనె చుక్కలు కారి నల్లబడిన చోటికి ఇంకోటి.

అప్పుడు నా మడమల గుంటలు కనిపించాయి. రెక్క పట్టుకుని బిగబట్టిన చోట రెండు చిన్న గుంటలు, పక్కపక్కన. మా అత్త వెళ్ళి ఆ గుంటల దగ్గర కూర్చుని తాడు కొస అక్కడ ఆనించింది. రెండో కొస పట్టుకుని నన్ను ఒక చక్రం జాడ వెంట నడవమంది. నడిచాను. జాడ వంపు తిరిగింది, నేనూ తిరిగాను. తాడు ఎక్కడా సడలలేదు, ఎక్కడా గుంజుకోలేదు. కొస దాకా అదే బిగువు. ఎన్నో ఏళ్ళ తరువాత ఆఫీసులో వృత్తలేఖిని ముల్లు కాగితం మీద గుచ్చిన మొదటి రోజున నా కళ్ళు చెమర్చాయి. పక్కనున్నవాళ్ళకు కారణం చెప్పలేదు. ఆ చేలో ఆ వంపుకు కేంద్రం నా కాళ్ళు.

మా అత్త లేచి నడుము పట్టుకుని, ఆ వంపును చాలాసేపు చూసింది. నమ్మానని అప్పుడూ అనలేదు. “దీన్ని ఇంటికి పట్టుకెల్లలేం గదా. సిన్నది సేసుకుందాం” అంది.

చిన్నది చేయడం ఆవిడకు కొత్త కాదు. పంచె మడతపెట్టినట్టే తాడును సగానికి మడిచింది, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. ఏ తాడైనా మూడు మడతలు. చేనంత విమానం అరుగు మీద పట్టేంత అయింది. ఎనిమిదో వంతు స్కేలు అనే మాట నేను ఇంకా వినని రోజుల్లో ఆ పని నా ఒళ్ళో జరిగింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ రాట్నం నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. నా చేతిలో వెదురు బద్దల కట్ట, కత్తి, తుమ్మ జిగురు ముంత. నేరుగా సావిడికి వెళ్ళి, బడి గది కిటికీ కింద, అరుగు మీద చాప పరిచింది. మాస్టారు గుమ్మంలోకి వచ్చారు.

“ఇదేమిటమ్మా?”

“పిల్లని లోపలికి రావొద్దన్నారు గదా బాబూ. రాదు. బయట కూకుంటాది. ఒక్కతే అయిపోద్దని నానొచ్చేను.”

“ఇక్కడ కాదమ్మా, ఇంటికి తీసుకుపోండి.”

“గది మీది బాబూ. అరుగు ఊరిది.”

ఆయన వెనక్కి తిరిగారు. లోపలికి వెళ్ళిపోయారు. మా అత్త చెంగుతో రాట్నం ఇరుసుకున్న ఆముదం శుభ్రంగా తుడిచేసింది. ఇంట్లో ఆ రాట్నం తిరుగుతుంటే పిల్లిపిల్ల నిద్రపోయేది. అరుగు మీద అది కిర్రుమని మొదలుపెట్టి, కుయ్యిమని ఎత్తుకుని, మళ్ళీ కిర్రుమనేది. లోపల మాస్టారు ఎక్కం చెప్పించబోతే పిల్లలు రాట్నం వరసలోనే ఎక్కం అందుకునేవారు. నేను నవ్వబోతే మోచేత్తో పొడిచింది. “పని సూడు” అంది.

పని చూశాను. వెదురు బద్దలు నిప్పు సెగకు కాచి వంచాను. రెక్క పొడుగునా రెండు దూలాలు, వాటికి అడ్డంగా ఆకారం తిప్పిన సన్న బద్దలు, నూలుతో కట్టి జిగురు అద్దాను. ముడి జారితే మళ్ళీ కట్టేదాన్ని. తాడు మడత కంటె బద్ద బియ్యపుగింజంత పొడుగు వచ్చినా మా అత్త రాట్నం ఆపకుండానే కంటితో పట్టేసేది. దారిన పోయేవాళ్ళు ఆగేవారు. “ఏటే గుంటా, పిట్టల బుట్టా?” “కాదురా, కోళ్ళ గూడు, రెండంతస్తులది!” “ఒలమ్మా, ఇమానమంట! ఎక్కితే మనల్ని కాశీ తీసుకెల్తాదా?” మొదట్లో నేను తల దించుకునేదాన్ని. మా అత్త మాత్రం ఎవరినీ ఊరికే పోనివ్వలేదు. “నీ బరువుకి రెక్క ఇరుగుద్ది గాని, ముందు నీ బాకీ కట్టెయ్యి” అనేది. ఆ వారంలోనే నాకు ఇమానం అనే పేరు స్థిరపడింది. ఊళ్ళో ఎవరూ మళ్ళీ నన్ను అసలు పేరుతో పిలవలేదు.

రెక్కలకు కప్పడానికి ఆవిడ తన పెట్టెలోంచి సన్నఖద్దరు తీసింది. అది తను వడికిన నూలుతో నేయించుకున్న బట్ట. ఎందుకు దాచుకుందో అడగలేదు. మొదటి రెక్కను నేను పాడుచేశాను. పంచెకు పెట్టినట్టే గంజి పెట్టాలనుకుని పై వైపు మాత్రం దట్టంగా పట్టించి ఎండలో పెట్టాను. ఆరేకొద్దీ గుడ్డ బిగిసి, బద్దలను లాగి, రెక్క మొత్తం కాల్చిన అప్పడంలా మెలి తిరిగింది. కిటికీలోంచి పిల్లలు విరగబడి నవ్వారు. మా అత్త కూడా నవ్వింది. “కట్టుకునే గుడ్డకీ కట్టిన గుడ్డకీ తేడా నేదేటే? ఒక్క పక్కే గుంజితే ఏదయినా వంకరైపోద్ది” అని, నీళ్ళు చిలకరించి గంజి వదలగొట్టి, పైనా కిందా ఒకేసారి పలుచగా పూయించింది. ఈసారి ఎండకు రెక్క తిన్నగా బిగిసింది. వేలితో మీటితే పలికింది. నేను ఆ చప్పుడు గుర్తుపట్టాను. మంచులో నా చేతుల కింద పలికింది అదే.

అన్నీ అమరాయి. చక్రాలు, తోక కర్ర, ఒళ్ళు, కింది రెక్కలు. పై రెక్క కూడా కట్టి, గుడ్డ వేసి సిద్ధం చేశాను. దాన్ని ఎంత ఎత్తులో నిలబెట్టాలన్నది తేలలేదు. నేల మీద పడిన కొలతలన్నీ మాకు దొరికాయి. కింది రెక్క ఎత్తుకు నా గడ్డం ఉంది. పై రెక్క ఎత్తు నేల మీద పడేది కాదు, నా ఒంటి మీదా పడలేదు. తరువాతి రోజుల్లో ఆఫీసు భాషలో చెప్పుకున్నాను, ప్లాను దొరికింది గాని ఎలివేషను దొరకలేదని. చూసిన జ్ఞాపకం ఉంది కదా, సుమారుగా గుంజలు కోసేస్తానన్నాను. ఏడ్చాను కూడా. రెండు రెక్కలనే కదా నన్ను వెక్కిరించారు, రెండోది లేకుండా ఎలా చూపించను?

మా అత్త కత్తి లాక్కుంది. “కొలిసినంతే కట్టు. కొలవంది ఒక్కటి కలిపేవంటే, వోళ్ళు దాన్నే పట్టుకుని అంతా అబద్దమంటారు. అప్పుడు వోళ్ళది తప్పు కాదు” అంది.

పై రెక్కను పక్కన చాప మీద పెట్టుకుని కూర్చున్నాను.

చివరికి ఒక రోజు మధ్యాహ్నం లోపల పాఠం ఆగిపోయింది. ఆగిందంటే మాస్టారు ఆపలేదు, పిల్లల తలలన్నీ కిటికీ వైపు తిరిగి ఉన్నాయి, ఆయన గోడకు పాఠం చెబుతున్నారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి అరుగు మీదికి వచ్చారు.

“అమ్మా, ఆ రాట్నం ఆపండి. పిల్ల లోపలికి వచ్చి కూర్చోవచ్చు.”

మా అత్త ఆపలేదు. “అబద్దమాడేనని సెప్పాలా బాబూ?”

“చెప్పక్కరలేదు.”

రాట్నం ఆగింది. చెవులు హాయిగా ఉన్నాయి. మాస్టారు వంగి బొమ్మను చూశారు. నిజమని ఒప్పుకుంటారేమోనని ఎదురుచూశాను. పక్కనున్న పై రెక్కను వేలితో చూపించి, “ఇది ఎందుకు పెట్టలేదు?” అన్నారు.

“దాని ఎత్తు కొలవలేదండి.”

“మరి తెలియనిదాన్ని ఎలా చూశానంటున్నావు?”

“చూశానండి. కొలవలేదండి.”

ఆయన గుమ్మానికి పక్కకు జరిగారు. బండి జాడ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నేను నా మాట వెనక్కి తీసుకోలేదు. వెళ్ళి నా చోట కూర్చుని పలక తీశాను. ఆయన ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్యా లెక్క అంతటితో నిలిచింది. లెక్కలు మాత్రం నాకు ఆయనే నేర్పారు, బాగా నేర్పారు. ఆ సంగతి రాయకపోతే ఈ కొలత కూడా ఒక పక్కే గుంజినట్టవుతుంది.

ఊరు ఎన్నడూ నమ్మలేదు. మా అత్త నమ్మిందో లేదో పోయేదాకా చెప్పలేదు. నేను చదువుకుని, ఉద్యోగం వచ్చి విజయనగరంలో స్థిరపడ్డాను. బొమ్మ నాతోపాటు ఇళ్ళు మారింది. ఒళ్ళూ కింది రెక్కలూ ఒక గుడ్డలో, పై రెక్క వేరే గుడ్డలో. ఆఫీసులో ఒకసారి కొలవని గట్టుకు ఒక గీత గీసెయ్యమన్నారు. నేను ఆ చోట కాగితం ఖాళీగా వదిలి పంపాను. గీసేవరకు నా బల్ల వరండాలో వేశారు. వరండాలో వెలుతురు బాగుందని చెప్పాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. దీనికి తేదీ ఉంది, గాలి వేగానికి అంకె ఉంది, అందరూ నమ్ముతారు. మా డాబా మీది రేకుల గది కప్పు లేచిపోయింది. గాలి తగ్గాక ఎక్కి చూస్తే బొమ్మ మూటలు రెండూ నీళ్ళలో తేలుతున్నాయి. గుడ్డ చివికి బద్దలకు అంటుకుపోయింది. బద్దలు మాత్రం గట్టిగా ఉన్నాయి, నూలు ముళ్ళు ఒక్కటీ వదల్లేదు. సామాను సర్దడానికి వచ్చిన మా తమ్ముడి కోడలు దాన్ని చెత్తలో పెట్టబోయింది. “పెద్దత్తయ్యా, కొత్తది పెట్టెలో వస్తాది, ప్లాస్టిక్‌ది. తెప్పించమంటారా?” అంది ప్రేమగానే. వద్దని ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

రాజాంలో ఇంజనీరింగు చదువుతున్న మా పక్కింటి అమ్మాయి కాలేజీ మూసేసినందువల్ల ఇంట్లోనే ఉంది. బద్దలు ఆరబెడుతుంటే వచ్చి అడిగింది. చెప్పాను. కరెంటు వచ్చాక, ఆ కాలపు రెండు రెక్కల శిక్షణ విమానం నక్షాలు ఫోనులో వెతికి తెచ్చింది. ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి, కొలతలతో సహా. నేను స్కేలు తీసి బొమ్మ చక్రాల మధ్య దూరం కొలిచి ఎనిమిదితో హెచ్చవేశాను. నక్షాలోని అంకెకు నా అంకెకు మధ్య బియ్యపుగింజంత తేడా. తోక దాకా పొడుగూ దాదాపు అంతే. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. నాకు అంతగా ఆశ్చర్యం కలగలేదు. నేను దాన్ని చూశాను కదా.

రెక్క దగ్గర మాత్రం తేడా వచ్చింది. బొమ్మ రెక్క రెండు వేళ్ళు పొట్టి. “అమ్మమ్మా, ఇది తప్పొచ్చేసింది. కొంచెం పెంచీండి, సరిపోతాది” అంది. పెంచను అన్నాను. ఆ రెక్క కొస గుండ్రంగా ఉండేది. నేను పట్టుకున్నది కొసను కాదు, వంపు మొదలయ్యే చోటు. నా మడమలు పడింది అక్కడ. నక్షా రెక్కను కొలిచింది, మా అత్త తాడు నేను నిలబడ్డ చోటును కొలిచింది. దాన్ని ఇప్పుడు పొడిగిస్తే ఆ చేలో నేను వేరే చోట నిలబడ్డానని చెప్పినట్టు.

కొలవని ఎత్తును మాత్రం నక్షాలోంచి తీసుకున్నాను. అది ఎవరో కొలిచి, అంకె వేసి పెట్టినది కనుక. పొందూరు వెళ్ళి సన్నఖద్దరు కొన్నాను. ముడి వేయడానికి అప్పటికంటె ఎక్కువ సేపు పట్టింది, అంతే. గంజి కాచి పైనా కిందా ఒకేసారి పూశాను. గుంజలు కోశాను. పై రెక్కను వాటి మీద నిలబెట్టి, నూలు తీగెలు ఏటవాలుగా బిగించి, వేలితో మీటాను. రెండు రెక్కలూ పలికాయి.

ఇక మిగిలింది ఒంటి పక్కన అక్షరాలు. ఆ రోజు విమానం మీద పెద్ద నల్లని అక్షరాలున్నాయి. నాకు అప్పటికి ఇంగ్లీషు రాదు, అవేమిటో గుర్తు లేదు. పక్కింటి అమ్మాయి ఫోనులోంచి అలాంటి విమానాల నంబర్లు కొన్ని చదివి, అందంగా ఉంటుంది, ఏదో ఒకటి వెయ్యమంది. నాకు తెలియని నంబరు నేను వెయ్యను. ఖాళీగా వదలాలనీ అనిపించలేదు. కుంచె తీసుకుని నల్లరంగుతో, ఆఫీసులో నక్షాల మీద శీర్షికలు రాసే అక్షరాలతో, రెండు పక్కలా “ఇమానం” అని రాశాను.

“అమ్మమ్మా, వి రాయాలి కదా?” అంది ఆ అమ్మాయి.

ఇది దాని పేరు కాదు, నాది అని చెప్పాను.

ఇప్పుడది మా ముందుగదిలో, వచ్చినవాళ్ళకు ఎదురుగా ఉంటుంది. రెక్క పొట్టిగా ఉందేమని అడిగితే చెబుతాను. అడగనివాళ్ళకు చెప్పను. ఆ రోజు తేదీ కోసం మాత్రం ఇక వెతకడం లేదు. దానికి నా మడమలు ఉన్నాయి, చాలు. ఇంత వయసులోనూ ఎవరో ఒకరు, ఇంట్లోనో బయటో, ఒక్క మాట అనేస్తే గొడవ వదులుతుంది కదా అని మంచికే చెబుతూ ఉంటారు. అప్పుడు నాకు ఆముదం తుడిచేసిన రాట్నం కిర్రుమనడం వినిపిస్తుంది. లేచి మా ఇంటి అరుగు మీదికి వెళ్ళి, పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలి, కూర్చుంటాను.